సున్నా కింద ఎనిమిది లీటర్లు

షువైఖ్‌లో మా షెడ్డుకి
ఆ పసుప్పచ్చ రెండు సీట్ల బండి
గురువారం సాయంత్రం వచ్చింది.
అరుపు ముందొచ్చింది, బండి తర్వాత.

మగ్దీ మందుల షాపులో పనిచేసే ఈజిప్టు మనిషి.
పన్నెండేళ్ళ పాత బండి, నాలుగేళ్ళ కొత్త అప్పు.
"ముల్లు అబద్ధం చెప్తోంది, ఓబులేసూ" అన్నాడు,
రోగి వినకుండా బంధువుతో మాట్లాడినట్టు.
నిండుగా ఉన్నానని నూరు కిలోమీటర్లు చెప్పి
సగం దగ్గర కాసేపు కునికి
ఉన్నట్టుండి తాడు తెగిన చేదలా పడిపోతుందట.

ఉస్తాద్ రిజ్వాన్ పడీపడీ నవ్వాడు.
నీళ్ళ సీసా కంటే పెట్రోలు చౌకైన చోట
మైలేజీ అడిగినవాణ్ణి
ఇరవయ్యేళ్ళలో ఇతన్నే చూశానన్నాడు.

నాకు నవ్వు రాలేదు.
రాయచోటిలో మా నాయన
కిరసనాయిలు డీలరు దగ్గర హమాలీ.
పీపాని వేలి కణుపుతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ వచ్చి
శబ్దం బరువెక్కిన చోట సుద్దగీత పెట్టేవాడు.
ఆ గీత ఎప్పుడూ తప్పలేదు.
తప్పిందల్లా డీలరు పుస్తకం.

ఈ బండి ట్యాంకు గుర్రం జీను లాంటిది.
అటొక గది, ఇటొక గది, నడుమ ఇరుసు.
కొలిచే బెండు ఒక గదిలోనే తేలుతుంది.
పక్కగది ఖాళీ అవుతున్నా
తన గది నిండుందని
నిజాయితీగానే చెప్తుంది పాపం.

"సున్నా ఎక్కడుందో తెలియాలంటే
ఒకసారి సున్నా దాకా పోవాలి" అన్నాను.
ఉస్తాద్‌కి చెప్పలేదు. పంపు కాలిపోతుందని తిడతాడు.

శుక్రవారం. మెడదాకా నింపి
జహ్రా దాటి సాల్మీ రోడ్డెక్కాం.
సరిహద్దు దాకా, వెనక్కి, మళ్ళీ సరిహద్దు దాకా.
ఆరో గేరు, తొంభై.
పాదం కింద కోడిగుడ్డు ఉందనుకుని తొక్కమన్నాను.
ముల్లును ముల్లుతోనే తీయాలి కదా,
ఇంజను తిరిగే ముల్లుని రెండు వేల లోపు పట్టుకుంటే
పెట్రోలు ముల్లు గుట్టు బయటపడుతుంది.
ఫిబ్రవరి కాబట్టి ఏసీ ఆపినా బతికాం.

మమ్మల్ని నీళ్ళ ట్యాంకరు దాటింది.
గడ్డి లారీ దాటింది.
గొర్రెల పికప్ దాటుతుంటే
గొర్రెలన్నీ ఒకేసారి తల తిప్పి చూశాయి.
తెల్ల జీపులో కుర్రాళ్ళు పక్కకొచ్చి
"చెడిపోయిందా?" అని అరిచి ఫోన్లో వీడియో తీసుకున్నారు.
మగ్దీ చెవులు ఎర్రబడ్డాయి గానీ
గుడ్డు పగలనీయలేదు.

నా నోటుపుస్తకంలో:
సగం గీత, మూడు వందల పద్దెనిమిది.
సున్నా గీత, నాలుగు వందల నలభై ఒకటి.
ఆ తర్వాత ఇద్దరం మాట్లాడుకోలేదు.
గుడారాలు, టవర్లు, ఒక చెప్పు, మళ్ళీ గుడారాలు.
అయిదు వందల పన్నెండు దగ్గర
రెండుసార్లు దగ్గి ఆగింది.

అంత నిశ్శబ్దం ఆ బండిలో ఉందని
మగ్దీకి కూడా తెలీదు.
డాష్‌బోర్డు మీద చెయ్యేసి నిమిరాడు.
లీటరుకి ఎనిమిది ముప్పావు అని నేను లెక్క చెప్తే,
మొన్నటిదాకా అయిదున్నర ఇచ్చిన బండి,
అతను లేచి నా నుదుటిమీద ముద్దుపెట్టాడు.
సున్నా కింద ఎనిమిది లీటర్లున్నాయి.
సగం అన్నప్పుడు సగం లేదు.

రోడ్డు పక్కన కూర్చుని
రొట్టె, జున్ను, గులాబీరంగు ఊరగాయ తిన్నాం.
"నీకింకా ఎంత ఉంది?" అన్నాడు.
డబ్బాలో అయిదు లీటర్లన్నాను.
అకామా గురించి అడిగాడని
ముద్ద మింగాక అర్థమైంది.
"ముల్లు సగంలో ఉంది" అన్నాను.
అతను ఇసుక వైపు చూసి తలాడించాడు.

డబ్బా వంచి అయిదు లీటర్లూ పోశాం.
పాత అలవాటు, ట్యాంకుని వంగి కణుపుతో కొట్టాను.
ముల్లు లేవలేదు.
బండి లేచింది.